పోసింది నేనే

నరసన్నపేట, ఆదివారం

కుమారికి మీ వదిన దీవెనలు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదని కార్డు రాస్తున్నాను.

శ్రీకాకుళంలో తాగుడు మానుకునేవాళ్లు ఆదివారాలు కలుసుకునే చోటు ఒకటి దొరికింది. ఇవాళ తమ్ముడు ధనరాజు వెంట నేనూ వెళ్లాను. నాలుగు నెలలు మానినవాడివి మళ్లీ ఎలా మొదలుపెట్టావని అడిగితే వాడు, "నా బుద్ధే గడ్డి తిన్నాది. ఎవులూ పొయ్యలేదు" అన్నాడు.

పోసింది నేను. ఊరి పండగనాడు అమ్మవారి ముందు పెట్టిన మందు గ్లాసులో పోసి ఇస్తే "వద్దప్పా" అని ఈ అక్కతో రెండుసార్లు అన్నాడు. "పెసాదంరా, కాదంటే అమ్మోరికి కోపమొస్తాది" అని నేనే తాగించాను. నువ్వు పాపను తీసుకుని వెళ్లిపోతున్నప్పుడు కూడా వాడు నా పేరెత్తలేదు. నేనూ నోరు విప్పలేదు. రోజూ దీపం పెట్టి అమ్మవారికి చెప్పుకున్నాను గాని, చెప్పవలసింది నీకు.

పాపకి దగ్గు తగ్గిందా? దాని స్వెట్టరు ఇక్కడే ఉండిపోయింది, పంపమంటావా? వచ్చే ఆదివారం కూడా ఇంటివాళ్లు రావచ్చన్నారు. రమ్మని అడిగే మొహం నాకు లేదు. వాడి మీది కోపం నా మీద పెట్టుకో, చాలు.

మీ అమ్మానాన్నలకు నమస్కారాలు. నిన్నూ పాపనూ ఆ తల్లి చల్లగా చూడాలి. మీ ఇంట్లో అందరూ చదవాలనే దీన్ని కవరులో పెట్టలేదు.

అసిరమ్మ