క్షమించే ఉండు, కోర్టుకు రా

తెనాలి,
14-7-2025.

రేపల్లెలో ఉన్న విజయమ్మ అత్తయ్యకు,

నోటిదురుసు మేనల్లుడు ఫిన్నీ వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. నాన్న ఆటో మళ్ళీ షెడ్డుకెళ్ళింది. అమ్మ మోకాలినొప్పి కాస్త నయం. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నిన్న మీ చర్చి మెట్ల మీద అరిచింది తప్పే. కానీ నాకు కోపం రాదా అత్తయ్యా? ఆసుపత్రిలో ఆయా ఉద్యోగాలని నమ్మించి, నిన్నూ, మీ సంఘంలో మిగతా ఆడవాళ్ళనూ బస్సెక్కించే ముందు తలల మీద చేతులుంచి ప్రార్థన కూడా చేశాడు మీ సంఘ పెద్ద యోబు. దిగింది పై రాష్ట్రంలో రొయ్యల షెడ్డులో. ఫోన్లు లాక్కున్నారు, గేటుకు తాళం వేశారు. మంచునీళ్ళలో రొయ్యలు ఒలిచి ఒలిచి నీ వేళ్ళ చర్మం ఊడింది. పోలీసులొస్తే గాని బయటపడలేదు.

తర్వాత ఆ యోబే నీ దగ్గరికొచ్చి ఏడ్చాడు. మనసులో పగ ఉంచుకుని ప్రభువు బల్లకు వెళ్ళకూడదని, పాస్టరుగారి ఎదుట చేతిలో చెయ్యేసి రాజీపడ్డావు. పక్కపక్కనే మోకరించి రొట్టె తీసుకున్నారు. ఇప్పుడు కోర్టుకు రానంటున్నావు. క్షమించిన మనిషి మీద సాక్ష్యం చెబితే ఆ రొట్టె నోట్లో మన్నవుతుందన్నావు. నీలాంటివాళ్ళ మెత్తదనం వల్లే దోపిడీ బతుకుతోందని నేనన్నాను. నా సంచిలో కార్మిక సంఘం కరపత్రాలు చూసి, కాగితాలు నమలడం మాని అన్నం తినరా అన్నావు. మెట్ల మీద అందరూ నవ్వారు.

కోపం ఆపుకోలేక పొద్దున్నే బాపట్ల బస్సెక్కాను. మీ తరఫున దావా నడుపుతున్న ప్రభుత్వ ఆఫీసులో లాయరు రాధారాణిగారని ఉన్నారు. మా అత్తయ్యకు కాస్త బుద్ధి చెప్పండి మేడమ్ అన్నాను. ఆవిడ నాకే చెప్పారు. ముందు ఫ్యాను కింద కూర్చో బాబూ, ఆవేశం ఆరనీ అన్నారు. శిక్ష వేయించే పోలీసు కేసు వేరట. ఇది మీకు రావాల్సిన పరిహారం కోసం ప్రభుత్వమే వేసిన దావా అట. యోబు మీదే కాదు, తాళం వేయించిన షెడ్డు యజమాని మీద కూడా. ఎవర్ని క్షమించాలో మీ అత్తయ్యకు చెప్పడానికి నేనెవర్ని, నువ్వెవరివి అన్నారు. కాకపోతే, మమ్మల్ని ఇంటికి పంపించెయ్యండని యజమానిని ఎదురుగా అడిగింది నువ్వొక్కదానివేనట. నువ్వు రాకపోతే, అందరూ ఇష్టపడే ఉన్నారంటాడట వాళ్ళ లాయరు. అప్పుడు నీతో పాటు ఆ బస్సెక్కిన వాళ్ళందరి దావా కూలిపోతుందట.

తిరుగు బస్సులో ఆలోచించాను. నేను చదివిన కరపత్రాల్లో శత్రువు ఉంటాడు. ఆ శత్రువుతో ప్రతి ఆదివారం ఒకే చర్చిలో కూర్చోవాల్సిన మనిషి మాత్రం ఎక్కడా కనపడదు. అందుకే నిన్ను పగ పట్టమని అడగను. యోబును క్షమించే ఉండు. గురువారం బాపట్ల కోర్టుకొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పు, చాలు. ఆయన ఏడ్చాడని కూడా చెప్పు, ఎవరూ కాదనరు. రేపల్లె బస్టాండుకు నేనే వస్తాను. నోరు మూసుకుని నీ వెనక నడుస్తాను.

ఇట్లు,
నువ్వెంత తిట్టినా నీవాడే అయిన
ఫిన్నీ

తా.క.: ఉత్తరం మడుస్తుంటే అమ్మ చదివి వినిపించమంది. విన్నాక ఒక సంగతి చెప్పింది. మీరు ఆ బస్సెక్కడానికి ముందు ఏడాది అమ్మ వేటపాలెంలో జీడిపప్పు పనికి వెళ్ళిందనుకున్నాం కదా. అక్కడికి కాదు, ఆ రొయ్యల షెడ్డుకే వెళ్ళిందట. పంపింది యోబే. జ్వరం ముదిరితే వాళ్ళే రైలెక్కించి వదిలించుకున్నారట. పరువు పోతుందని నాన్నకు కూడా చెప్పలేదు. నేను అప్పుడే నోరు తెరిచి ఉంటే విజయమ్మ ఆ బస్సు ఎక్కేది కాదురా అంది. నిన్న నీ మీద అరిచినట్టు అమ్మ మీద అరవలేదు అత్తయ్యా. రాధారాణిగారు ఒప్పుకుంటే గురువారం అమ్మ కూడా సాక్ష్యం చెబుతుందట. నీ దగ్గరికి వచ్చి ముందు క్షమాపణ అడగమన్నాను. వద్దంది. ముందు జడ్జిగారి ఎదుట నన్ను నిజం చెప్పనీ, ఆ తర్వాతే మీ అత్తయ్యను అడుగుతానంది.