టెక్కలిలో దిగని ప్రయాణం

గుణుపురం,
మాఘ బహుళ పంచమి.

చెల్లి రాజ్యానికి మీ అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. పశువులు, పైరు, నా మోకాళ్లు ఉండవలసినట్టే ఉన్నాయి. మనుషుల సంగతి మాత్రం ఉత్తరం పూర్తయ్యాక నువ్వే చెప్పాలి. అక్కడ నువ్వు, నీ కొడుకు అప్పలరాజు, ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోను ఉండగా ఈ కాగితాలెందుకు అనుకుంటావు. నీ ఫోను సంగతి నాకు తెలుసు. చెవి సరిగ్గా వినపడదని దాన్ని గట్టిగా మోగేలా పెట్టుకుంటావు. ఇక్కడ నేను దగ్గితే అక్కడ మీ ఎదురింటివాళ్లు మందు చెబుతారు. ఇది వీధికి చెప్పే విషయం కాదు. పైగా మనిద్దరికీ బడిలో నేర్పింది ఒడియా అక్షరాలు. తెలుగు నేను బెల్లం పొట్లాల కాగితాలు విప్పి, కూడబలుక్కుని చదివి నీకు నేర్పాను. అంత కష్టపడి సంపాదించిన లిపిని అప్పుడప్పుడైనా వాడాలి కదా.

కిందటి ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. కంట్లో వేసుకునే చుక్కల మందు పనిచేస్తోంది, ఈ అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. ఇక మూడోది. "మీ పెద్దబ్బాయి మనసు మారిందా అన్నయ్యా? శ్రీదుర్గని మా మనవడు ప్రసాద్‌కి ఇస్తామన్న మాట ఏమైంది? నేనడిగిన ప్రతిసారీ వానల గురించి మాట్లాడుతున్నాడు. నువ్వు పోయాక నాకు పుట్టిల్లంటూ మిగలాలంటే ఆ పిల్ల మా ఇంటికి రావాలి" అని రాశావు. నా కొడుకు మన్మథరావు మీద నాకు రాని అనుమానం నీకు వచ్చిందంటే అందులో ఏదో ఉండే ఉంటుందనిపించింది. అప్పటినుంచి వాడు మంచినీళ్లు తాగుతున్నా, ఎందుకు తాగుతున్నాడా అని చూశాను.

సరిగ్గా అప్పుడే వాడు విశాఖపట్నం మాట ఎత్తాడు. "పత్తి ఏరడం అయిపోనాది గదా నాన్నా. రెండ్రోజులు ఎల్లి సముద్రం సూసి, జూ అదీ తిరిగి, సింహాచలం కూడా సూసుకుని వచ్చీద్దుం" అన్నాడు. ఎరువుల కోసం తప్ప పర్లాకిమిడి దాటని మనిషి. వంశధారకు వరదొచ్చిందంటే ఊరంతా పరిగెడుతుంది, వీడు గట్టు కూడా ఎక్కడు. అలాంటివాడు సముద్రం చూస్తానంటే నేను నమ్మాలా?

కోడలు గౌరీశ్వరి పెట్టె సర్దుతుంటే తొంగి చూశాను. శ్రీదుర్గ పట్టుచీర అందులో ఉంది.

"ఏనుగుని సూడ్డానికి పట్టుసీరేటమ్మా?" అన్నాను.

"సింహాచలానికి మావయ్యా. దేవుడికాడికి పాత గుడ్డల్తో ఎల్తామేటి?" అంది.

జవాబు బాగానే ఉంది. బాగా ఉన్న జవాబులంటే నాకు మొదటినుంచీ భయం.

ఈ రోజుల్లో పెళ్లిచూపులు ఇంట్లో ఎవరు పెడుతున్నారు చెప్పు. గుళ్లోనో పార్కులోనో అనుకోకుండా ఎదురుపడినట్టు ఎదురుపడతారు. నచ్చకపోతే ఎవరి పరువూ పోదు. పద్మపూర్ భీమారావు కూతురిని అలాగే చూపించారు. ఎవరో పెద్దమనిషి ఐస్‌క్రీం ఇప్పిస్తే ఆ పిల్ల తిని వచ్చేసింది. ఇప్పించినవాడు తనకు కాబోయే మావగారని దానికి ముహూర్తాలు పెట్టాక గానీ తెలియలేదు.

ఆ అనుమానంతోనే రైలెక్కాను. మన పాత చిన్న లైను బండి అయితే ఇంత బాధ లేదు. నువ్వు అత్తారింటికి వెళ్లిన బండి అది. చెయ్యెత్తితే ఆగేది. నెమ్మదించినప్పుడు దిగి, దానితో పాటు నడిచి, కబుర్లు చెప్పుకుని మళ్లీ ఎక్కేవాళ్లం. ఆ బండిలో రహస్యాలు సాగేవి కావు, అందరికీ అందరి సంగతీ తెలిసేంత తీరిక ఉండేది. ఇప్పటి బండి మీ టెక్కలిలో ఇలా ఆగి అలా కదులుతుంది.

టెక్కలి రాబోతుంటే, "అత్తకి ఫోను కొట్టరా, పలారం అట్టుకుని టేసనుకొస్తాది" అన్నాను.

"ఇప్పుడొద్దు నాన్నా. తిరిగొచ్చినప్పుడు సూద్దుం" అని మన్మథరావు కిటికీ దించేశాడు. శ్రీదుర్గ తల వంచుకుని సెల్లు చూసుకుంటోంది.

సొంత మేనత్త ఊళ్లో మొహం చాటేశాడంటే ఇంకేం కావాలి? వేరే సంబంధం వాళ్లకు పిల్లని చూపించడానికే తీసుకెళ్తున్నాడని అక్కడే తేల్చేసుకున్నాను. నువ్వు ఉంటే కొంగు బిగించేదానివి. నువ్వు లేవు కాబట్టి నీ తరఫున కాపలాకు నేను కూర్చున్నాను.

నేను వెతుకుతున్న మనుషులు ఆదివారం పొద్దున్నే దొరికారు. సముద్రపు ఒడ్డున జలాంతర్గామిని పైకి లాగి జనానికి చూపిస్తున్నారు. లోపల దారి ఎంత ఇరుకంటే, ముందువాళ్లు కదిలితే గానీ వెనకవాళ్లకి ఊపిరాడదు. మా ముందు ఒకావిడ, మీసాలకు రంగేసిన ఆవిడ భర్త, కళ్లజోడు పెట్టుకున్న కొడుకు. ఆవిడ వెనక్కి తిరిగి శ్రీదుర్గని తల నుంచి కాళ్ల దాకా చూసి నవ్వింది.

"ఏటి సదివేవమ్మా?"

"ఇంజనీరింగండి."

"ఏ ఊరు?"

"గుణుపురమండి."

"ఒడిస్సాలోనా? తెలుగు బాగానే మాట్లాడతన్నావే."

మనల్ని అందరూ అనే మాటే. మింగేశాను. ఆ కుర్రాడు మాత్రం మా పిల్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా అనుమానం అక్కడే గట్టిపడింది. చూడ్డానికి వచ్చినవాడు కాకపోతే అంత జాగ్రత్తగా చూడకుండా ఎందుకుంటాడు?

మధ్యాహ్నం జూలో ఏనుగు దగ్గర మళ్లీ వాళ్లే. సాయంత్రం కైలాసగిరి మీద రోప్‌వే దిగేసరికి మళ్లీ వాళ్లే. ఊరు చూడవచ్చినవాళ్లని ఆటోవాళ్లు అందరినీ ఒకే వరసలో తిప్పుతారని నాకు అప్పుడు తోచలేదు. మన్మథరావు కొండ చుట్టూ తిప్పే చిన్న రైలు టిక్కెట్లకి వెళ్లాడు. నేను పోయి ఆవిడ కూర్చున్న బల్ల మీదే కూర్చున్నాను.

"మీ మనవరాలు బంగారు బొమ్మండి" అంది ఆవిడ.

"బొమ్మేనండి. రాత్రుళ్లు నడుస్తాది."

"అంటే?"

"నిద్దట్లో లేసి ఎల్లిపోద్ది. ఓపాలి వంశధార గట్టు దాకా ఎల్లిపోనాది. కోపమొస్తే గిన్నెలిసిరీడం కూడా ఉంది గానీ, అది రోజూ కాదు."

ఆవిడ లేచి వెళ్లిపోతుందనుకున్నాను. కళ్ల నీళ్లు పెట్టుకుంది.

"అయ్యో పాపం. మా కోడలికీ సిన్నప్పుడు ఇలాగే ఉండీదంటండి. పెళ్లయ్యాక తగ్గింది. ఇప్పుడు పురిటికెల్లింది."

"కోడలా?"

"మా వోడి పెళ్లామండి."

ఆ వోడు అప్పుడే మొక్కజొన్న పొత్తులు తెచ్చి, అడక్కుండానే నాకూ ఒకటి ఇచ్చాడు. వాళ్లది బొబ్బిలి. మనలాగే ఊరు చూడ్డానికి వచ్చారు. పొత్తు నమలడానికి నాకు పళ్లు లేవు, వద్దనడానికి మొహం లేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఆవిడ మంచి మనిషి. లేచి వెళ్లి గౌరీశ్వరి చెయ్యి పట్టుకుని, "రాత్రుళ్లు పిల్ల కాలికి తాడు కట్టి పడుకోబెట్టండమ్మా, మా వియ్యపురాలు అలాగే సేసీది" అని చెప్పి వచ్చింది.

గౌరీశ్వరి నా ముందుకొచ్చి నిలబడింది. "మావయ్యా, నా కూతురు నిద్దట్లో నడుస్తాదా?"

"ఇంకా నడవనేదమ్మా."

"గిన్నెలిసురుతాదా?"

"ఈ ఇంట్లో ఎవులో ఒకలు ఇసిరీలాగే ఉన్నారు" అన్నాను, దాని చేతిలో ఉన్న స్టీలు క్యారేజీ వైపు చూస్తూ.

అప్పుడు గానీ శ్రీదుర్గ అక్కడ లేదన్న సంగతి ఎవరికీ తెలియలేదు. కోడలు ఒకవైపు వెళ్లింది, నేను ఒకవైపు వెళ్లాను. కొండ చివర, కింద సముద్రం కనిపించే చోట, కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది మన పిల్ల. పక్కన ఒక కుర్రాడు, నెత్తి మీద టోపీ. చేతిలోని మొక్కజొన్న పొత్తునే కర్రలా పట్టుకుని దగ్గరికి వెళ్లాను. కుర్రాడు తిరిగాడు. నీ మనవడు ప్రసాద్. వాడు ఉద్యోగం చేస్తున్నది ఆ ఊళ్లోనేనన్న సంగతి నాకు అప్పుడు గానీ గుర్తు రాలేదు.

నా ప్రాణం లేచి వచ్చింది. లోకాన్నంతా అనుమానించాను గానీ, పిల్ల మనవాడి కోసమే వచ్చిందన్నమాట. "దొంగ గుంటల్లారా, ముహూర్తం దాకా ఆగలేపోనారేట్రా" అన్నాను. ఇద్దరూ నవ్వలేదు. శ్రీదుర్గ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తాతా, నాన్నని ఇశాపట్నం తీసుకెల్లమని అడిగింది నాను. టెక్కల్లో మామ్మకి సెప్పొద్దన్నదీ నానే. ఎవులూ లేకుండా బావతో ఒక్కపాలి మాటాడాలని."

"మీ నాన్నకి తెలుసా?"

"నాకీ పెళ్లి ఇష్టం నేదని తెలుసు. మామ్మకి ఎలా సెప్పాలో తెలీక వానల గురించి మాటాడతన్నాడు."

ప్రసాద్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "తాతా, నానమ్మ నన్ను సిన్నప్పుడే మీ ఇంట్లో ఉంచి సదివించింది గదా. ఒక్క కంచంలో తిన్నాం, ఒక్క రిక్షాలో బడికెల్లేం. బడిలో మా సావాసగాళ్లందరూ ఒడియా పిల్లలు. ఆల్లకి మేనబావంటే అన్నే. రాఖీ పున్నమికి ఆల్లంతా అన్నలకి కడితే ఇది నాకు కట్టీది. మీరు నవ్వుతారని ఇంటికొచ్చీలోపు ఇప్పీసీవోళ్లం."

"అది ఆటరా."

"మీకు ఆట తాతా," అంది శ్రీదుర్గ. "అన్నంటే నాకు ఈడొక్కడే."

రాజ్యం, దగ్గర దగ్గరగా పెరిగితే మనసులు కలుస్తాయని ఆ కుర్రాడిని మా ఇంటికి పంపింది నువ్వు. నేనూ అవునన్నాను. మనసులు కలిసిన మాట నిజమే. కలిసిన వరసే వేరు. మన మేనరికాలు విని ఒడియావాళ్లు చెవులు మూసుకుంటే మనం నవ్వుకునేవాళ్లం కదా. వాళ్ల గడ్డ మీద వాళ్ల పిల్లల మధ్య పెంచిన మన పిల్లలు ఆ నవ్వులో ఎవరి పక్కన నిలబడ్డారో మనం ఏనాడూ చూడలేదు.

నీ మాట నేను చెప్పకుండా ఉండలేదు. "మీ మామ్మకి పుట్టిల్లు పోతాదే అమ్మీ" అన్నాను.

"ఎలా పోతాది? నా పుట్టిల్లూ మామ్మ పుట్టిల్లూ ఒకటే గదా తాతా. నాకు తలుపు తీసినంత కాలం మామ్మకీ తీస్తారు" అంది.

నేను ఇన్ని పొట్లాల కాగితాలు చదివాను, ఈ మాట నాకు తట్టలేదు.

ఇప్పటిదాకా దాచిన మాట ఇది. తిరుగు ప్రయాణంలో మన్మథరావు అత్తకి ఫోను చేస్తానంటే వద్దన్నవాడిని నేనే. ప్లాట్‌ఫారం మీద నీ మొహం చూస్తే ఈ మాట చెప్పగలిగేవాడిని కాదు. ఇల్లు చేరగానే వాడినీ కోడలినీ కూర్చోబెట్టి, ఈ సంబంధం నేనే వద్దంటున్నానని చెప్పాను. నీకు మాట ఇచ్చింది నేను, వెనక్కి తీసుకుంటున్నదీ నేనే. పిల్లల మీద ఒక్క మాట పడనివ్వను. తిట్టదలచుకుంటే నన్ను తిట్టు, నాకు అలవాటే.

ఒక్క అనుమానం మాత్రం నాకు ఇంకా తీరలేదు. నీ సొంత మనవడి మొహం నీకు తెలియదా? వాడు తప్పుకుంటున్నాడని పసిగట్టే, వాడిని అడగలేక మా ఇంటి మీద అనుమానం రాసి పంపావేమో. అలా అయితే చెప్పెయ్యి. ఇద్దరం ముసలివాళ్లం ఒకరి దగ్గర ఒకరం నటించనక్కర్లేదు.

ప్రసాద్ వచ్చే ఆదివారం నీ దగ్గరికొచ్చి తన నోటితో తనే చెబుతానన్నాడు. వాడికి ముందు అన్నం పెట్టు. వాడు గొంతు పెగల్చుకునేదాకా నీకేమీ తెలియనట్టే ఉండు.

ఆ తర్వాత, కోపం తగ్గినా తగ్గకపోయినా, మంగళవారం గుణుపురం బండికి రా. స్టేషనుకి నేను రాను, శ్రీదుర్గ వస్తుంది. దానితో మాట్లాడాలని లేకపోతే ఇంటి దాకా మాట్లాడకు. సంచీ మాత్రం దాని చేతికివ్వు.

ఇట్లు,
మాట తప్పిన మీ అన్నయ్య,
ఉమాపతి