గులాబీ రంగు రాని నీళ్ళు

మోరీ గారి సత్రం, జపాన్
మార్చి 4, ఉదయం

ప్రియమైన షాలేమ్‌రాజు బాబాయికి,
బ్లెస్సీ వందనాలు.

ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, ఇల్లంతా వింటుంది. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి నీ నంబరుకు పంపుతున్నాను.

వేడినీళ్ళ సత్రంలో ఏం పని అని అడిగావు కదా. స్నానాల గది చూసుకుంటాను. మన గుండాల ఊళ్ళో గోదారి ఇసుక తవ్వితే వెచ్చని నీళ్ళు ఊరతాయి. ఇక్కడ నాలుగు వందల మీటర్ల బోరు నుంచి అరవై ఎనిమిది డిగ్రీలతో వస్తాయి. ఊరుమ్మడి ట్యాంకులోకి ఎక్కించి, సత్రానికింత అని వంతు వేసి పైపుల్లో వదులుతారు. మా వంతు నిమిషానికి ముప్పై లీటర్లు. అది చిన్న తొట్టికే సరి. అందులో నీళ్ళు ఒక పక్క పడుతూ ఇంకో పక్క పొర్లిపోతాయి. మందు వేయరు. వేడెక్కువైతే చన్నీళ్ళు కలపరు, ధార సన్నం చేస్తారు. ఈ లెక్క నాకు భలే నచ్చింది.

పెద్ద తొట్టికి వంతు చాలదు. ఉన్న నీళ్ళనే మోటారు లాగి, వడగట్టి, మళ్ళీ తొట్టిలోకి వదులుతుంది. తిరిగే నీళ్ళకు క్లోరిన్ మందు తప్పదు. లేకపోతే పైపుల్లో క్రిమి పెరిగి, ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయట. రోజూ రెండుసార్లు గొట్టంలో నీళ్ళు పట్టి, పొడి వేసి, వచ్చిన గులాబీ రంగును బట్టి రిజిస్టరులో అంకె రాయాలి. పాయింట్ నాలుగుకు తగ్గకూడదు, ఒకటి దాటకూడదు.

అయిదు రోజులుగా రంగు రావడం లేదు బాబాయీ. మందు రెట్టింపు వేశాను. మళ్ళీ వేశాను. రాలేదు. రిజిస్టరులో మాత్రం ప్రతిసారీ పాయింట్ నాలుగు అని రాశాను. నిన్న డెబ్బై ఏళ్ళావిడ ఎర్రబడిన కళ్ళతో బయటికొచ్చి, "నీళ్ళు బాగున్నాయి" అని వంగి దండం పెట్టి వెళ్ళింది. చెబితే నన్ను ఇంటికి పంపిస్తారు. చెప్పకపోతే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో తెలియదు. పంతొమ్మిదేళ్ళుగా ఊరి ట్యాంకు నడుపుతున్నావు. ఈ నీళ్ళకు మందు ఎందుకు పట్టడం లేదు?

నీ బిడ్డ,
బ్లెస్సీ

ములకలపల్లి
మార్చి 4, మధ్యాహ్నం

బ్లెస్సీ తల్లికి,
బాబాయి దీవెనలు.

మూడుసార్లు చదివాను. మీ అమ్మ "ఏంది మరిదీ, గంటసేపటి సంది ఫోన్‌ల తలకాయ పెట్టినవ్" అంది. క్రికెట్ అని చెప్పాను.

మందు లేకపోతే రంగు రాదు. మరీ ఎక్కువైనా రాదు. వచ్చిన రంగును మందే తినేస్తుంది. ఇది నాకు ఏ ఆఫీసరూ చెప్పలేదు, తండా సోమ్లి చెప్పింది. రెండేళ్ళ కింద రంగు చూసే కొత్త కిట్టు ఇచ్చారు. రంగు రాక మూడు రోజులు ట్యాంకులో బ్లీచింగ్ కుమ్మరించాను. నాలుగోనాడు ఆమె బిందె తెచ్చి నా కాళ్ళ మీదే పోసింది. "గివి నీళ్ళా, బట్టల సోడానా? మా కోళ్ళు సుత ముడ్తలేవు. గొట్టంల రంగు రాకుంటే రాకపాయె, నీకు ముక్కు లేదా షాలేమూ?" అంది. రోజంతా అక్కడే ఉంటే ముక్కు కూడా అలవాటు పడిపోతుంది తల్లీ.

మనోళ్ళు బిందె గుమ్మరిస్తారు. మీ వాళ్ళు కళ్ళు మండినా దండం పెడతారు. అదే వచ్చిన చిక్కు. ఒక గ్లాసు తొట్టినీళ్ళకు తొమ్మిది గ్లాసుల మందు లేని నీళ్ళు కలిపి చూడు. వచ్చిన అంకెను పదితో హెచ్చవేయి. మందు డబ్బా మారిందేమో చూడు. అప్పటిదాకా ఎవరినీ దిగనివ్వకు.

నీళ్ళ సంగతి నేను చెప్పగలను. రిజిస్టరు సంగతి నువ్వే చూసుకోవాలి.

షాలేమ్‌రాజు

మోరీ గారి సత్రం
మార్చి 9

బాబాయీ,

ముదురు గులాబీ వచ్చింది. హెచ్చవేస్తే ఇరవై. క్రిమి బతికే అవకాశమే లేదు, నేనే మనుషుల కళ్ళు మండించాను. పాత మందు ద్రవం, ఆరు శాతం. కొత్త డబ్బాలో గుళికలు, డెబ్బై శాతం. శాతం చదవకుండా అదే గ్లాసుతో కొలిచాను.

వెంటనే మోరీ గారికి అంతా చెప్పాను. ఆవిడ తొట్టి ఖాళీ చేయించి, రెండు రోజులు మూసి, ఆ అయిదు రోజుల్లో దిగిన వాళ్ళందరికీ నా చేత ఫోన్లు చేయించారు. డెబ్బై ఏళ్ళావిడ "కళ్ళు మండాయమ్మా. కొత్త పిల్లవు, బాధపడతావని చెప్పలేదు" అంది. అప్పుడు ఏడుపొచ్చింది.

తర్వాత పది అంకెల మీదా గీత కొట్టించి, పక్కన "చూసి రాయలేదు" అని నా చేతే రాయించారు. సంతకం పెట్టాను. ఇక సామాను సర్దుకుందామని లేచాను. మోరీ గారు ఆపారు.

"మందు ఎక్కువ వేసినందుకు ఎవరినీ పంపించను. పాయింట్ నాలుగు అని రాసినందుకు ఈ రిజిస్టరు నీకివ్వను."

ఇప్పుడు నేల రుద్దుతున్నాను. రిజిస్టరు మళ్ళీ ఎప్పుడిస్తారని నేను అడగలేదు.

బ్లెస్సీ