నాలుగు బెజ్జాలు

కుప్పం,
14 జూన్ 2003

ప్రియమైన బామ్మర్ది దేవరాజులుకు,

నీ బావ గంగాధరం రాయునది. ఇక్కడ మేము క్షేమం. ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన కవరు కదా, చించి పారేయకుండా చివరిదాకా చదువు. మన రెండిళ్ల మధ్య ఉత్తరాలన్నీ మీ అక్క కమలాక్షే రాసేది. నా రాత నీకు కొత్త.

భార్గవికి ఇరవై నిండాయి. డిగ్రీ పరీక్షలు రాసింది, డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు కొట్టంలో పట్ట కప్పి ఉన్న పాత పికప్పును బయటికి తీస్తానని కూర్చుంది. మండీకి టమాటాలు తనే తోలుతుందట. బెంగళూరు నుంచి పాత బండ్ల పిచ్చి ఉన్న ఒకాయన వచ్చి, అరవై రెండు మోడలు ఎక్కడా దొరకదు, నాకిచ్చేయండి అని బతిమాలాడు. ఇవ్వనంది. సొట్టలు తీయించాం, ఇంజన్ కూడా పలికింది.

మిగిలింది ఆ రాడ్డు సంగతే. మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరిగిపోకుండా పట్టుకునే స్టెబిలైజర్ రాడ్డు. కోయంబత్తూరు నుంచి ఇప్పుడు రెడీమేడ్‌గా వస్తున్నాయట, ముందుకొకటి, వెనక్కొకటి. ఇక్కడి మెకానిక్కులను అడిగితే, "ఆ బండి కింద ఏముండాదో దేవరాజులుకే తెలుసప్పా" అంటున్నారు. అయిందేదో అయింది. నువ్వే వచ్చి బిగించాలి.

ఇంటికి ఉత్తరాలు సరిగా చేరడం లేదు. కేరాఫ్ మునిలక్ష్మి, కుట్టుమిషను అంగడి, కుప్పం అని రాయి.

ఇట్లు,
నీ బావ
గంగాధరం


మదనపల్లె,
22 జూన్ 2003

బావ గంగాధరానికి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. ఏమీ అనుకోవద్దు. అనుకున్నా నాకు పోయేదేమీ లేదు.

కవరు మీద రాత చూసి, ఎవరు పంపారా అని రెండుసార్లు తిప్పి చూశాను. అచ్చం మా అక్క రాత. అన్నేళ్లు కాపురం చేస్తే రాత కూడా అంటుకుంటుందేమో.

"అయిందేదో అయింది" అని ఎంత సులువుగా రాశావయ్యా! తొంభై అయిదు మార్చిలో మూడు రోజులు బెంగళూరు పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగి ఆ రాడ్డు తెచ్చి, కుప్పం వచ్చి నీ బండి ముందు వైపు బిగించాను. మేలో నువ్వూ అక్కా టమాటా లోడుతో వస్తుంటే పుంగనూరు ఇవతల మలుపులో బండి బోల్తా పడింది. ఆస్పత్రి వరండాలో నలుగురి ముందు నా చొక్కా పట్టుకుని ఏమన్నావో గుర్తుందా? "నీ బోల్టులు తెగిపోయి రాడ్డు యాడనో పడిపాయ. నీ చేతి పనే మీ యక్కను మింగిందిరా!" అన్నావు. అక్క ముఖం చూడనివ్వలేదు. పదకొండో దినం నాడు గడప తొక్కనివ్వలేదు. తోడబుట్టినవాణ్ని, బస్టాండులో కూర్చుని తిరుగు బస్సెక్కాను.

అప్పుడు నేను నోరెత్తకపోవడానికి కారణం ఉంది. నా మీద నాకే అనుమానం. ఆ రాడ్డు నట్లను బండి జాకీ మీద ఉన్నప్పుడు ఊరికే చేత్తో పట్టించాలి. చక్రాలు నేలకు ఆని, బండి బరువు పడ్డాకే పానాతో బిగించి, నట్లు ఊడకుండా పిన్నులు వేసి కొసలు వంచాలి. ఆ పొద్దు బండి ఇంకా జాకీ మీదే ఉంది. అక్క వచ్చి, "ఒరే, సంగటి సల్లారిపోతాంది, రారా" అని చెయ్యి పట్టి లాక్కుపోయింది. తిన్నాక వచ్చి బిగించినట్టే గుర్తు. పిన్నులు వంచినట్టే గుర్తు. కానీ ఒట్టేసి చెప్పమంటే చెప్పలేను. ఎనిమిదేళ్లుగా ఆ మధ్యాహ్నాన్నే తిరగేసి మరగేసి చూసుకుంటున్నాను. షెడ్డు మూసేశాను. గ్రైండర్లు, మిక్సీలు బాగు చేసుకుని బతుకుతున్నాను. మళ్లీ ఏ బండి కిందికీ దూరలేదు.

కాబట్టి రాను. కానీ ఆ బండిలో కూర్చునేది మా అక్క కూతురు. అందుకని ఒక మాట. రాడ్డును పట్టుకునే బోల్టుల కోసం చాసీకి నాలుగు బెజ్జాలు వేశాను. బోల్టులు తెగి పోయాయంటే అవి చీలిపోయి ఉంటాయి. ఎంత చీలాయో కొలిపించి రాయి. ప్లేటు పెట్టి వెల్డింగ్ చేయకుండా కొత్త రాడ్డు బిగిస్తే పిల్ల ప్రాణం మీదికి వస్తుంది.

ఇట్లు,
దేవరాజులు


కుప్పం,
1 జూలై 2003

ప్రియమైన బామ్మర్దికి,

నీ ఉత్తరం చేరింది. నువ్వు షెడ్డు మూసేశావని ఇక్కడ ఎవరికీ తెలియదు.

చెప్పినట్టే బండి కింద పడుకుని టార్చి వేసి చూడడమైంది. నాలుగు బెజ్జాలూ గుండ్రంగా ఉన్నాయి. చీలలేదు, సాగలేదు. అర అంగుళం బోల్టు కొని తెచ్చి దూరిస్తే సరిగ్గా పోయింది, అటూ ఇటూ కదల్లేదు. వెల్డింగ్ చేసిన గుర్తు ఎక్కడా లేదు. బండి బోల్తా పడిన నాటి నుంచి మొన్నటిదాకా పట్ట కిందే ఉంది, సొట్టలు తీసినవాళ్లు కూడా ఆ బెజ్జాల జోలికి పోలేదు.

ఇది మంచిదేనా? దీని అర్థమేమిటో నువ్వే రాయాలి. దాచకుండా రాయి.

ఇట్లు,
నీ బావ
గంగాధరం


మదనపల్లె,
6 జూలై 2003

గంగాధరం,

బావా అని కూడా రాయను.

అర్థమేమిటని అడిగావు కదా, విను. బోల్టు తెగి రాడ్డు పీక్కుపోతే బెజ్జం చీలుతుంది. నేను బిగించకుండా వదిలేసి, నట్టు వదులై ఊగి ఊగి ఊడిపోతే బెజ్జం కోడిగుడ్డులా సాగుతుంది. గుండ్రంగా, వేసింది వేసినట్టు ఉందంటే ఒక్కటే దారి. పిన్నులు పటకారుతో సరిచేసి లాగి, పానా పెట్టి, నాలుగు నట్లూ ఎవరో తీరిగ్గా విప్పారు. బండి పడకముందే విప్పారు. పుంగనూరు మలుపు దగ్గర ఆ రాడ్డు బండికి లేనే లేదు.

ఎవరయ్యా విప్పింది? దయ్యమా?

రాడ్డు ఉండుంటే అక్క బతికేదని నేను ప్రమాణం చేయలేను. లోడు బండి, ఎర్ర మట్టి రోడ్డు, ఏమైనా కావచ్చు. కానీ నువ్వు అబద్ధమాడావు. అక్క ఒళ్లు ఇంకా చల్లారకముందే ఆడావు. నేను ఎనిమిదేళ్లు అన్నం ముందు కూర్చున్న ప్రతిసారీ ఆ సంగటి గుర్తొచ్చి, తిన్నాక బిగించానా లేదా అని ముద్ద మింగలేక చచ్చాను. అక్క ప్రేమగా అన్నానికి పిలవడమే అక్కను చంపిందని అనుకున్నాను. నువ్వు నా పని పాడు చేశావు, అది పోనీ. మా అక్క ఆఖరిసారి పెట్టిన అన్నాన్ని కూడా విషం చేశావు కదరా!

ఎవరు విప్పారో, ఎందుకు విప్పారో రాయి. లేకపోతే కుప్పం వచ్చి నలుగురినీ పిలిచి ఆ బెజ్జాలు చూపిస్తాను.

దేవరాజులు


మదనపల్లె,
21 జూలై 2003

గంగాధరానికి,

పదిహేను రోజులైంది, నీ దగ్గర నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు.

కోపం తగ్గలేదు. తగ్గదు కూడా. కానీ నిన్న ఒకావిడ మిక్సీ తెచ్చింది. పక్కన కూతురు. తల్లి కొంగు పట్టుకునే వయసు దాటినా పట్టుకునే నిలబడింది. భార్గవి గుర్తొచ్చింది. తల్లి లేదు. ఉన్నది నువ్వొక్కడివే. మొన్నటి ఉత్తరం దాని కంటపడితే ఆ ఒక్కడూ లేకుండా పోతాడు.

ఆ ఉత్తరం కాల్చేయి. నేనే సరిగా బిగించలేదని దానికి చెప్పు. ఎప్పుడైనా అది అడిగితే నేనూ అదే చెబుతాను. అలవాటైన నిందే కదా, మోయగలను. రాడ్లు తెప్పించు, వచ్చి బిగించి పోతాను. నీ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టను.

దేవరాజులు


కుప్పం,
3 ఆగస్టు 2003

ప్రియమైన మామకు,

ఇది భార్గవి రాస్తున్న ఉత్తరం. ముందు రెండూ కూడా నేనే రాశాను మామా. నాన్నకు వాటి సంగతే తెలియదు. నీ ఉత్తరాలన్నీ మునిలక్ష్మక్క అంగట్లో నా చేతికే వచ్చాయి. నా రాత అమ్మ రాతలా ఉందంటే, పలక మీద నా చెయ్యి పట్టి దిద్దించింది అమ్మే కదా.

ఉగాదికి ఇల్లు దులుపుతుంటే అటక మీద గోనెసంచిలో చుట్టిన ఇనుప రాడ్డు దొరికింది. తాడుతో కట్టిన బీడీల డబ్బాలో నాలుగు బోల్టులు, నట్లు, వంపు తీసిన పిన్నులు ఉన్నాయి. "ఇదేంది నాయనా?" అంటే, "ఏదో ట్రాక్టరుదిలే" అన్నాడు. కానీ ముఖం చూశాను. తెగి ఎక్కడో పడిపోయిందని చిన్నప్పటి నుంచి విన్న రాడ్డు ఇదేనేమోనని అనుమానం పుట్టింది. నిన్ను నేరుగా అడిగితే నా కోసం అబద్ధం చెబుతావని భయపడి నాన్న పేరుతో రాశాను. నీ ఆఖరి ఉత్తరం చదివాక, ఆ భయం నిజమేనని తెలిసింది. తప్పయితే క్షమించు.

జూలై ఆరో తారీఖు ఉత్తరం చదివాక ఆ రాడ్డు ఇదేనని తేలిపోయింది. రాడ్డు తెచ్చి నాన్న ముందు పెట్టడానికి మొన్నటిదాకా ధైర్యం చాలలేదు. మొన్న పెట్టాను.

"అవునే, నేనే ఇప్పినా" అన్నాడు. "తోట దావలో గట్టెక్కితే బండి శానా ఊపేస్తా ఉండె. కాపు తోలేసి మళ్లా పెడదామనుకుంటి. మీ యమ్మ వద్దనింది. మా తమ్ముడు పెట్టింది, ముట్టుకోవద్దనింది. నేను వినలా."

"మరి మామ పేరు యాల చెప్తివి?" అన్నాను.

"ఆ పొద్దు ఆస్పత్రిలో అందురూ నన్నే సూస్తాండిరి. నోటికి మీ మామ పేరొచ్చింది. ఒకసారి అనేసినాక ఎనక్కి తీసుకోను నోరు రాలేదు. రాడ్డు పారేయనూ చేతులు రాలేదు."

మీ మామకు నేనే చెప్పుకుంటానన్నాడు. ఆస్పత్రిలో ఎంతమంది ముందు అన్నావో అంతమంది ముందూ చెప్పు అన్నాను. నీ దగ్గరికి వస్తానని మాత్రం అన్నాడు. ఆ తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. పూటపూటా అన్నం పెడుతున్నాను, అంతే.

నీ మీద కూడా నాకు కోపం ఉంది మామా. అమ్మ పోయేనాటికి నాకు పన్నెండేళ్లు. గడప తొక్కనివ్వలేదని నువ్వు తిరుగు బస్సెక్కావు. నాకు పదకొండు రోజుల్లో అమ్మా పోయింది, మామా పోయాడు. ఇప్పుడు మళ్లీ నింద మోస్తానంటున్నావు. అది నాకు వద్దు. ఆ ఉత్తరం కాల్చలేదు, కాల్చను.

కోయంబత్తూరు రాడ్డు వెనక వైపుకు ఒక్కటే తెప్పించాను. ముందుకు నువ్వు తెచ్చిందే ఉంది. ఎక్కడా వంగలేదు, తుప్పు కూడా పైపైనే. వచ్చే ఆదివారం పొద్దున రెండు రాడ్లూ వెనక వేసుకుని, ఖాళీ బండి, మెల్లగా తోలుకుని మదనపల్లె వస్తాను. నాన్న పక్క సీటులో ఉంటాడు. నీ షెడ్డు ముందు దిగుతాడో, దిగకుండా కూర్చుంటాడో నాకు తెలియదు. నువ్వు షెడ్డు తాళం తీసి ఉంచు.

సంగటి కెలికి తెస్తాను. కానీ చక్రాలు నేలకు ఆని, నువ్వు ఆఖరి నట్టు బిగించి, నా కళ్ల ముందే పిన్ను వంచేదాకా నిన్ను అన్నానికి పిలవను.

ఇట్లు,
మీ అక్క కూతురు
భార్గవి