కిటికీ పక్క బల్ల, నాలుగో అధ్యక్షుడు

లాండ్రీ పనివారి సంఘం అధ్యక్షుడికి,

నన్ను అందరూ ఇస్త్రీ పెద్దమ్మ అంటారు. వయసు డెబ్బై మూడు, షెడ్డులో అందరికన్నా పెద్దదాన్ని. ఇంట్లో నేనూ, మంచం పట్టిన మా చెల్లెలూ. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే బొత్తాలు కుట్టే ఆమె రాస్తోంది.

ముప్ఫై ఏళ్లుగా కిటికీ పక్క బల్ల నాది. ఆ వెలుతురు లేకపోతే నాకు మడత కనపడదు, బట్ట కాలుతుంది, మా ఇద్దరి కూడు పోతుంది. ఆ బల్ల తీసి నీ బావమరిదికి ఇచ్చావు. మంచి ఇస్త్రీ పెట్టెలేమో నీ వియ్యంకుడి కొట్టుకు చేర్చావు. షెడ్డంతా నిన్ను దిగిపొమ్మంటోంది.

నీకు ముందు ముగ్గురు అధ్యక్షుల్ని చూశాను. మొదటాయన దుప్పట్లు మాయం చేసి దొరికాడు. దిగమంటే తాళాలు విసిరికొట్టి ఆ పూటే పోయాడు. రెండో ఆయనకు దిగమనగానే గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రికి వెళ్లి చూస్తే నలుగురి భోజనం తింటున్నాడు. అయినా పన్నెండో రోజున దిగాడు. మూడో ఆయన పెళ్లాన్ని పంపి మా గుమ్మాల్లో ఏడిపించాడు. చివరికి ఆవిడే విసిగి ఆయన్ని దింపింది. ఆ ముగ్గురికీ లేని పట్టు నీకుంది. నువ్వెప్పుడు దిగుతావు?

ఇట్లు, ఇస్త్రీ పెద్దమ్మ వేలిముద్ర.
సాక్షులు: బొత్తాలామె, గంజి మామయ్య.

తా.క.: పెట్టె వేడెక్కడం లేదని నీ బావమరిది నిన్న గోల చేశాడు. ప్లగ్గు పెట్టలేదు.

గౌరవనీయులైన పెద్దమ్మగారికి,

మీ ప్రశంస అందింది. పని ఒత్తిడిలో పూర్తిగా చదవలేకపోయినా, ‘ఆ ముగ్గురికీ లేని పట్టు నీకుంది’ అన్న మాట కంటపడి కదిలిపోయాను. అందరూ చూడాలని మీ ఉత్తరం మీద తేదీ వేసి, నా చేతులతోనే నోటీసు బోర్డుకు అంటించాను.

ఇట్లు, మీ అధ్యక్షుడు.

తా.క.: మీ వేలిముద్ర కాస్త అలుక్కుపోయింది.

ఒరే అధ్యక్షుడూ,

తిట్టిన తిట్టును నెత్తిన పెట్టుకుని ఊరేగుతావా? నన్ను చీకటి మూలకు తోశావు. నిన్న తెల్లకోటు కాల్చాను. ఇంకొకటి కాలితే పనిలోకి రావద్దన్నాడు యజమాని. నా బల్ల నాకివ్వు. కుర్చీ దిగు.

ఇట్లు, పెద్దమ్మ వేలిముద్ర.

తా.క.: ఈసారి అలుక్కుపోలేదు. నీ పీక అనుకుని నొక్కాను.

పెద్దమ్మగారికి,

మీరు చెప్పేదొకటి, బొత్తాలామె రాసేదొకటి అని తేలిపోయింది. మీ అసలు మనసు మొదటి ఉత్తరమే. వారం దాటినా దాన్ని బోర్డు మీదే ఉంచాను. చింపితే చర్య తప్పదు.

నియమావళి చూడండి. పనివారిలో వయసులో అందరికన్నా పెద్దవారి వేలిముద్ర, ఇద్దరు సాక్షులు ఉన్న ఫిర్యాదు ఏడు రోజులు బోర్డు మీద ఉంటేనే అధ్యక్షుడు దిగాలి. బోర్డుకు ఏది అంటించాలన్నా నేనే అంటించాలి. నేను అంటిస్తే కదా.

ఇట్లు, అధ్యక్షుడు.

తా.క.: ఎండ కళ్లలో పడుతోందంటే బావమరిదికి కిటికీ తెర వేయించాను.

మాజీ అధ్యక్షుడికి,

నీ ఉత్తరాన్ని బొత్తాలామె షెడ్డు మధ్యలో నిలబడి చదివింది. గంజి మామయ్య బోర్డు దగ్గరికి పోయి, నా మొదటి ఉత్తరం మీద నువ్వు వేసిన తేదీ నుంచి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఇవాళ ఎనిమిదో రోజు. ఇంతవరకూ ఏ అధ్యక్షుడూ తన చేత్తో తానే జిగురు రాసుకుని దిగలేదు.

తెర పీకేశాను. వెలుతురు బాగుంది.

ఇట్లు, ఇస్త్రీ పెద్దమ్మ వేలిముద్ర.
సాక్షులు: బొత్తాలామె, గంజి మామయ్య, ఇస్త్రీ తన వల్ల కాదని బల్ల వదిలేసిన నీ బావమరిది.