వెనక సీటుకి బ్రేకు లేదు

జనవరి 6, సోమవారం

సైకిలు తొక్కడం నాకు రాదు. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

నిన్న వదిన ఫోన్ చేసింది. మా ఆయన అక్కయ్య. ఏప్రిల్ ఆరున నూట ముప్ఫై కిలోమీటర్ల సైకిల్ రైడ్ ఉందట, స్టేడియం నుంచి సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ దాకా. వాళ్ళాయన, అన్నయ్యగారూ తనూ కలిసి వెళ్దామనుకున్నదేనట. ఆయన పోయి రెండేళ్ళు. ఒక్కదాన్నే వెళ్ళబుద్ధి కావడం లేదు, నువ్వు వస్తావా, నీకు సైకిలు వచ్చుగా అని అడిగింది. నేను ఆఁ అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. ఈ రెండేళ్ళలో ఆవిడ ఎవరినీ ఏదీ అడగలేదు. ఆస్పత్రి కాగితాలు, ఇల్లు మారడం, వాటర్ ట్యాంక్ లీకు, అన్నీ తనే చూసుకుంది. మేం వస్తామంటే అక్కర్లేదనేది. మొదటిసారి అడిగితే కాదనడానికి నాకు నోరు రాలేదు.

రెండో కారణం పరువు. నేను డ్రైవింగ్ టెస్టులు పెట్టే ఇన్‌స్పెక్టర్ని. టెస్టు కారులో నా వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. పదహారేళ్ళుగా ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని జనాన్ని ఫెయిల్ చేస్తున్నాను. అలాంటిదాన్ని, సైకిలు రాదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

జనవరి 9, గురువారం. ఉదయం 7:45

ఆఫీసు వెనక వీధిలో జిమ్. మేడ మీద గదిలో పద్నాలుగు స్పిన్ బైకులు, గోడంతా అద్దం, రెండు ఫ్యాన్లు. ఈ బైకులు ఎటూ వెళ్ళవు, ఎటూ పడవు. నాకు కావలసింది అదే. ముందు కాళ్ళు తయారు చేసుకుందాం, బ్యాలెన్స్ సంగతి తర్వాత.

కోచ్ మెడలో ఎప్పుడూ విజిల్ ఉంటుంది. అందరూ విజిల్ మాస్టారంటారు. ఇరవై నిమిషాలకే ఒళ్ళు హూనమై, ఆపేద్దామని కాళ్ళు బిగబట్టాను. ఆగలేదు! ముందున్న బరువు చక్రం నా కాళ్ళను పట్టుకుని అదే తిప్పేసింది. ఇదేమిటని అడిగాను. దీనికి ఫ్రీ వీల్ ఉండదు మేడం, చక్రం తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాల్సిందే, ఆపాలంటే ఈ ఎర్ర నాబ్ నొక్కండి అన్నాడు.

జనవరి 10, శుక్రవారం

తొడల నొప్పికి ఆఫీసు మెట్లు వెనక్కి తిరిగి దిగాను.

జనవరి 20, సోమవారం

మీటరు ముప్ఫై ఒక్క కిలోమీటర్లు చూపించింది. గది కిటికీలోంచి కనిపించే చెప్పుల షాపు ఎక్కడిది అక్కడే ఉంది. మరి ఆ ముప్ఫై ఒకటీ ఎక్కడున్నట్టు? ఇదే ఆలోచన పట్టుకుంది. ఒక ప్రయోగం చేశాను. నాబ్ పూర్తిగా వదులు చేసి ఊరికే గిరగిరా తొక్కితే కిలోమీటర్లు ఎక్కువొచ్చాయి, చెమట తక్కువొచ్చింది. బిగించి ప్రాణం పోయేలా తొక్కితే కిలోమీటర్లు సగం. అంటే కష్టపడకుండా దూరం వెళ్ళొచ్చన్నమాట.

విజిల్ మాస్టారికి చెబితే నవ్వి, మీటరు మీద తువ్వాలు కప్పేశాడు. చక్రం తిరగడమే దానికి తెలుసు, మీ సంగతి దానికేం తెలుసు, ఊపిరి లెక్కపెట్టుకోండి అన్నాడు. లెక్కపెట్టాను. ఒక్కో ఊపిరికి పెడల్ మూడు చుట్లు. అలిసిపోతే రెండు. ఎడమ మోకాలు లోపలికి వంగుతోంది. నలభై నాలుగేళ్ళు నాతోనే ఉన్న మోకాలు, ఈ సంగతి ఇప్పుడు తెలిసింది.

ఫిబ్రవరి 3, సోమవారం

రెండు గంటల సెషన్. కుర్రాళ్ళు ముగ్గురు మధ్యలో దిగిపోయారు. నేను దిగలేదు. మాస్టారు నన్ను ముందు వరసలోకి మార్చాడు. పక్క బైకు మీది బ్యాంకు ఉద్యోగిని, మీది ఏ రోడ్ బైకండీ అని అడిగింది. మొహం తువ్వాల్లో దాచుకున్నాను.

ఫిబ్రవరి 15, శనివారం. ఉదయం 6:30

మా ఆయనకు నిజం చెప్పాను. బాగా నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపి, అక్కకి చెప్పెయ్యి అన్నాడు. చెప్పకుండానే నేర్చుకుందామని ఆయన స్నేహితుడి దగ్గర్నుంచి సైకిలు తెప్పించుకుని తెల్లారకముందే మా టెస్టింగ్ ట్రాక్ మీదికి తీసుకెళ్ళాను. ఎంతోమంది పరువు తీసిన చోటే నాదీ పోయింది. నాలుగుసార్లు పడ్డాను. ఎక్కువలో ఎక్కువ పది మీటర్లు. కాళ్ళలో అంత బలముంది, మరి హ్యాండిల్ ఎందుకు వణుకుతోంది? బలానికీ దీనికీ సంబంధమే లేదా?

వాచ్‌మన్ చూశాడు. చూడనట్టు గేటు వైపు తిరిగాడు. మంచివాడు.

ఫిబ్రవరి 16, ఆదివారం

వదిన ఫోన్ చేసి రైడ్‌కి రెండు పేర్లూ ఇచ్చేశానంది. నేను చెప్పలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

వదిన చెప్పాపెట్టకుండా జిమ్‌కి వచ్చింది. ఎలా తొక్కుతున్నానో చూద్దామనట. గంటసేపు గోడకానుకుని నిలబడి చూసింది. దిగాక మంచినీళ్ళ సీసా అందించి, నీ దగ్గర ఇంత బలముందని తెలీదు, నేనే నీకంటే వెనకబడిపోతానేమో అంది.

ఇక ఆపుకోలేకపోయాను. చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. వదిన కోప్పడలేదు. కోప్పడుంటే బాగుండేది. సరేలే, ఏం చేస్తాం అని బ్యాగు భుజాన వేసుకుంది. రెండేళ్ళుగా మా అందరితో అనే సరేలే అది. మళ్ళీ ఇంకెప్పుడూ ఏదీ అడగదు అని నాకు తెలిసిపోయింది. మెట్ల దాకా వెంటపడ్డాను.

అప్పుడు అడిగాడు విజిల్ మాస్టారు, మరి టాండెమ్ ఎందుకు తీసుకోకూడదని. ఇద్దరు తొక్కే సైకిలు. హ్యాండిల్, బ్రేకులు, గేర్లు అన్నీ ముందువాళ్ళవేనట. వెనకవాళ్ళకు బ్యాలెన్స్‌తో పని లేదు, తొక్కితే చాలు. వదిన మెట్ల మీద ఆగింది.

మార్చి 2, ఆదివారం

సైకిల్ షాపాయన టాండెమ్ అద్దెకిచ్చాడు. వెనక కూర్చుంటే వదిన వీపు తప్ప ఏమీ కనిపించదు. నీలం జెర్సీ, మూడు జేబులు.

మొదటి మలుపులోనే ఆగిపోయాం. రెండో మలుపులో కూడా. ఏం చేస్తున్నావు అంది వదిన. నేనేం చేయడం లేదన్నాను. ఆరో మలుపుకి అర్థమైంది. మలుపు రాగానే నా కుడికాలు దానంతటదే బిగుసుకుంటోంది, టెస్టు కారులో బ్రేకు నొక్కినట్టు. రెండు పెడళ్ళూ ఒకే గొలుసు మీద ఉన్నాయి కాబట్టి నా కాలు ఆగితే ఆవిడ కాలూ ఆగుతుంది. జిమ్‌లో బరువు చక్రం నా కాలిని లాక్కుపోయేది, అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు.

పదహారేళ్ళుగా నేను ఎవరినీ నమ్మి కూర్చోలేదని నా కాలు చెబుతోంది.

మార్చి 9, ఆదివారం

వదినే దారి కనిపెట్టింది. చేయబోయేది ముందే చెబుతుంది. ఎడమకి తిరుగుతున్నా. గుంత. బ్రేకేస్తున్నా. గేరు మారుస్తున్నా. మాట వినబడితే కాలు బిగుసుకోదు. వినబడకపోతే బిగుసుకుంటుంది. ఎందుకో ఇంకా తెలియదు. నలభై కిలోమీటర్లలో ఆగింది మూడుసార్లే.

మార్చి 22, శనివారం

ఎనభై. ఒక్కసారీ ఆగలేదు. వదిన గొంతు బొంగురుపోయింది.

ఏప్రిల్ 6, ఆదివారం. సాయంత్రం 7:30

చేరాం. గడువుకి ఇరవై నిమిషాల ముందు. అక్షరాలు వంకర పోతున్నాయి.

తొంభై దాకా బాగానే ఉంది. తర్వాత ఎదురుగాలి, ఉప్పువాసన, మధ్యమధ్య వదిన మాటలు. నూట పదిహేను దాటాక మాటలు ఆగాయి. నా కుడికాలు బిగుసుకోబోయింది. బలవంతాన తిప్పాను. తర్వాత పెడల్ బరువెక్కింది. ముందు గేరనుకున్నాను. గేరు కాదు. వదిన కాళ్ళు పెడళ్ళ మీదే ఉన్నాయి, తిరుగుతున్నాయి, కానీ తొక్కడం లేదు. నేను తిప్పుతుంటే ఊరికే తిరుగుతున్నాయి. వీపు చూశాను. వీపుని బట్టి ఏమీ తెలియలేదు.

ఏడుస్తోందనుకున్నాను. ఈ దారి ఆయనతో రావాలనుకున్న దారి కదా. నాకూ కళ్ళు నిండాయి. ఏమైందని అడగలేదు. ఊపిరికి రెండు చుట్లు. తలొంచుకుని తొక్కాను. పదకొండు కిలోమీటర్లు ఇద్దరి కాళ్ళూ నావే. మలుపులు వచ్చాయి, ఆవిడ చెప్పకుండానే తిరిగింది, నేను ఆపలేదు. లైట్‌హౌస్ కనిపించాక మళ్ళీ పెడల్ తేలికైంది. ఎడమకి తిరుగుతున్నా అంది.

దిగాక మెడలో పతకాలు వేశారు. ఇద్దరం గడ్డిలో కూలబడి కమలాపండ్లు తిన్నాం. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

వదిన ఫోన్ చేసింది. నేను తొక్కడం మానేశానని నీకు తెలిసిందా అంది. తెలిసింది, ఏడుస్తున్నారేమో అనుకున్నానన్నాను. ఏడవలేదట. వెనక నువ్వున్నావు కదా అని వదిలేశాను అంది.

తర్వాత, బీరువా ఒకటి జరపాలి, ఒక్కదాని వల్లా కావడం లేదు, ఆదివారం వస్తావా అని అడిగింది.