అసలు ఫైలును దిద్దినందుకు

సుబ్బన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నంద్యాల ఆఫీసులో నీ కుర్చీలో నేనే కూర్చుంటున్నాను.

అంగళ్లలో రైతులకు వరుస టోకెన్లిచ్చే మన ప్రోగ్రాములో అసలు ఫైలును ముట్టుకోవద్దనీ, ఒక్కో అంగడికి కావలసిన మార్పులను దానిపైన వేరే పొరగా పెట్టమనీ నేర్పావు. తొందరలో నేను అసలు ఫైలునే దిద్దాను. ఈ పొద్దున కొత్త వెర్షన్ ఎక్కించగానే ఆ దిద్దుబాట్లన్నీ చెరిగిపోయాయి. ఆళ్లగడ్డ విత్తనాల అంగడిలో టోకెన్లు రావడం ఆగిపోయింది.

"ఏమైందప్పా? రైతులు నిలబడుకోనుండారు," అని అంగడాయన ఫోన్ చేశాడు. "సుబ్బన్న రాసినదాంట్లోనే తప్పుంది," అన్నాను.



"ఆయప్ప ఉన్నన్నాళ్లు ఒక్క దినం గూడా ఆగల్యా కదప్పా," అన్నాడాయన.

మధ్యాహ్నానికి నువ్వు చెప్పిన పద్ధతిలోనే సరిచేసి, బాగైందని ఫోన్ చేశాను. తప్పు నాదని మాత్రం చెప్పలేదన్నా.